హైపర్‌కన్వర్జ్‌డ్ సర్వర్ల ధరలు, లైసెన్సులు: బరంపురం నుంచి జయపురం దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని ఆసుపత్రులు, రైస్ మిల్లులు, వస్త్ర దుకాణాలు, కళాశాలలు పాత సర్వర్లు మార్చే ముందు అడిగే ప్రశ్నలు ఇవి. అడిగేది తెలుగులో, వచ్చే కొటేషన్ ఇంగ్లిషులో, లెక్క డాలర్లలో. ఈ మూడింటి మధ్య లక్షల రూపాయలు జారిపోతుంటాయి. అందుకే వివరంగా రాస్తున్నాను. ఇక్కడ ఇచ్చిన ధరలు తయారీ సంస్థలు ప్రకటించిన జాబితా ధరలు. పన్ను అదనం. డీలరు మీకిచ్చే రేటు వేరుగా ఉంటుంది.

హైపర్‌కన్వర్జ్‌డ్ అంటే ఏమిటి? డబ్బు ఎక్కడికి పోతుంది?

పాత పద్ధతిలో సర్వర్లు వేరు, డిస్కులుండే స్టోరేజ్ పెట్టె వేరు, రెంటినీ కలిపే ప్రత్యేక నెట్‌వర్క్ వేరు. హైపర్‌కన్వర్జ్‌డ్ పద్ధతిలో, అంటే హెచ్‌సీఐలో, స్టోరేజ్ పెట్టె ఉండదు. మామూలు సర్వర్లు రెండు మూడు తీసుకుని, వాటిలోని డిస్కులన్నింటినీ సాఫ్ట్‌వేర్ ఒకే స్టోరేజ్‌గా కలుపుతుంది. ఒక్కో సర్వర్‌ను నోడ్ అంటారు. అన్నీ కలిస్తే క్లస్టర్. ఒక నోడ్ ఆగిపోతే దానిమీది వర్చువల్ మెషీన్లు, అంటే ఒకే సర్వర్‌లో సాఫ్ట్‌వేర్ సృష్టించే విడివిడి కంప్యూటర్లు, పక్క నోడ్‌లో మళ్లీ మొదలవుతాయి.

స్టోరేజ్ పెట్టె ఖర్చు తగ్గిన మాట నిజమే. కానీ ఆ పని చేస్తున్న సాఫ్ట్‌వేర్‌కు ఏటా డబ్బు కట్టాలి. ఇనుము ఒక్కసారి కొంటాం, లైసెన్సు మాత్రం ఏళ్ల తరబడి కొంటూనే ఉంటాం. కొటేషన్ చూసేటప్పుడు ముందు చూడాల్సింది లైసెన్సు వరుసనే.

మా సంస్థకు ఇది అసలు అవసరమా?

ట్యాలీ, ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ఫైళ్లు దాచుకునే ఒక షేర్. మీ పని ఇంతే అయితే అవసరం లేదు. మంచి సర్వర్ ఒకటి, వేరే గదిలో బ్యాకప్, ఆ సర్వర్‌కు వారంటీ ఉంటే చాలు. ఒక పూట ఆగితే ఎంత నష్టమో మీరే లెక్క వేసుకోండి. చీరల దుకాణంలో ఒక పూట బిల్లు పుస్తకం మీద రాసుకుంటారు. నూరు పడకల ఆసుపత్రిలో ల్యాబ్ రిపోర్టులు, స్కాన్ చిత్రాలు, ఫార్మసీ ఒకేసారి ఆగిపోతే రోగి ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి చోట హెచ్‌సీఐకి పెట్టే డబ్బుకు అర్థం ఉంది. పది పన్నెండు వర్చువల్ మెషీన్లు దాటి, అవి ఆగకూడనివైతేనే ఈ దారిలోకి రండి.

కొటేషన్‌లో ఏయే వరుసలు ఉండాలి?

నోడ్లు, డిస్కులు, మెమరీ. రెండు నెట్‌వర్క్ స్విచ్‌లు, కనీసం 10 గిగాబిట్‌వి. హెచ్‌సీఐ సాఫ్ట్‌వేర్ లైసెన్సు: ఏ ఎడిషన్, ఎన్ని కోర్లకు, ఎన్నేళ్లకు. విండోస్ లైసెన్సులు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్, బ్యాకప్ దాచే పెట్టె. హార్డ్‌వేర్ సపోర్టు. బిగించి, పాత డేటా తరలించే కూలి. యూపీఎస్.

కొటేషన్ చౌకగా కనిపించిందంటే చాలాసార్లు స్విచ్‌లు, బ్యాకప్, తరలింపు అందులో ఉండవు. ఒక గిగాబిట్ స్విచ్‌తో సరిపెడతామనే డీలరుకు ఒప్పుకోకండి. ప్రతి రాతా రెండో నోడ్‌కు నెట్‌వర్క్ మీదుగానే వెళ్తుంది కాబట్టి అక్కడ ఇరుకైతే క్లస్టర్ మొత్తం నత్తనడక నడుస్తుంది.

కోర్ల లెక్క అంటే ఏమిటి? అంత ముఖ్యమా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

ఇప్పుడు పెద్ద సంస్థలన్నీ ప్రాసెసర్‌లోని కోర్లను, అంటే లెక్కలు చేసే భాగాలను, లెక్కపెట్టి లైసెన్సు అమ్ముతున్నాయి. మీరు వాడినా వాడకపోయినా నోడ్‌లో ఉన్న భౌతికమైన కోర్లన్నీ లెక్కలోకి వస్తాయి. ఒక కొటేషన్‌ను దగ్గరగా చూద్దాం: మూడు నోడ్లు, ఒక్కోదానిలో రెండు ప్రాసెసర్లు, ఒక్కో ప్రాసెసర్‌లో 16 కోర్లు. మూడు రెళ్లు ఆరు, ఆరు పదహార్లు 96. పన్నెండు వర్చువల్ మెషీన్లు నడిపే ఆసుపత్రికి సాధారణంగా ఇన్ని అక్కర్లేదు. నోడ్‌కు ఒకే ప్రాసెసర్ పెడితే 48 కోర్లతో పని జరుగుతుంది. హార్డ్‌వేర్‌లో మిగిలేది కొంతే, లైసెన్సు బిల్లు మాత్రం సగానికి సగం పడిపోతుంది. అదీ ప్రతి ఏటా.

ఇందులో ఒక మెలిక ఉంది. వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్ అమ్మే వీఎంవేర్ ఒక్కో ప్రాసెసర్‌కు కనీసం 16 కోర్లు లెక్క కడుతుంది. 8 కోర్ల ప్రాసెసర్ కొన్నా 16కే కట్టాలి. విండోస్ సర్వర్‌కు ప్రాసెసర్‌కు కనీసం 8, సర్వర్‌కు కనీసం 16. కాబట్టి మన జిల్లాల్లోని మధ్యతరహా సంస్థలకు నోడ్‌కు ఒక ప్రాసెసర్, అందులో 16 కోర్లు, వేగం ఎక్కువ ఉన్న రకం అన్నది నా సలహా. మెమరీ మాత్రం ధారాళంగా పెట్టుకోండి, దానికి లైసెన్సు లేదు. వర్చువల్ మెషీన్లకు ముందుగా కరవయ్యేది కూడా మెమరీయే.

వీఎంవేర్ బిల్లు ఒక్కసారిగా ఎందుకు పెరిగింది? మా దగ్గర పాత శాశ్వత లైసెన్సు ఉంది.

2023 నవంబర్ 22న బ్రాడ్‌కామ్ సంస్థ వీఎంవేర్‌ను కొనుగోలు చేసింది. మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసింది. ఇప్పుడు అంతా సబ్‌స్క్రిప్షనే. విడివిడిగా దొరికే సరుకును కొన్ని ప్యాకేజీలుగా కట్టేసింది. అన్నింటికంటే పెద్దదైన క్లౌడ్ ఫౌండేషన్ జాబితా ధరను అప్పట్లో కోర్‌కు ఏడాదికి 350 డాలర్లుగా ప్రకటించారు. పైన చెప్పిన 96 కోర్లకు అది ఏడాదికి 33,600 డాలర్లు. మూడు వర్చువల్ మెషీన్లే నడుపుతున్నా అంతే.

స్టోరేజ్ లెక్క వేరే. క్లౌడ్ ఫౌండేషన్‌లో కోర్‌కు ఒక టెబీబైట్ (సుమారు 1.1 టీబీ) వీశాన్, అంటే వీఎంవేర్ హెచ్‌సీఐ స్టోరేజ్, కలిసి వస్తుంది. చిన్న ప్యాకేజీ అయిన వీస్పియర్ ఫౌండేషన్‌లో 2024 నవంబర్ నుంచి కోర్‌కు పావు టెబీబైట్. 48 కోర్లకు 12 టెబీబైట్లే వస్తాయి. లెక్కలోకి తీసుకునేది డిస్కుల మొత్తం సామర్థ్యం కాబట్టి, దాదాపు 42 టెబీబైట్ల డిస్కులు పెట్టిన క్లస్టర్‌కు మరో 30 అదనంగా కొనాలి. కొటేషన్‌లో ఈ వరుస కనిపించకపోతే అడగండి.

మీ పాత శాశ్వత లైసెన్సు చెల్లుతుంది, వాడుకోవచ్చు. దానికి సపోర్టు పునరుద్ధరణ మాత్రం దొరకదు. వీస్పియర్ 7కు సాధారణ సపోర్టు 2025 అక్టోబర్ 2తో ముగిసింది. వీస్పియర్ 8కి 2027 అక్టోబర్ దాకా ఉంది. భద్రతా సవరణలు రాని సర్వర్ మీద రోగుల వివరాలు పెట్టి నడపడం నాకు సమ్మతం కాదు. 8లో ఉన్నవారు ఈ గడువును మారేందుకు దొరికిన వ్యవధిగా తీసుకుని ఇప్పుడే ప్రయత్నం మొదలుపెట్టండి.

న్యూటానిక్స్ ఎలా అమ్ముతుంది?

న్యూటానిక్స్ కూడా హెచ్‌సీఐ సాఫ్ట్‌వేర్ సంస్థే. అదీ కోర్ల లెక్కే, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా కాలపరిమితితో. స్టార్టర్, ప్రో, అల్టిమేట్ అని మూడు ఎడిషన్లు. వర్చువల్ మెషీన్లు నడిపే ఏహెచ్‌వీ అందులోనే కలిసి ఉంటుంది, వేరే డబ్బు లేదు. చిన్న శాఖల కోసం ఎడ్జ్ అనే లైసెన్సు ఉంది. దాన్ని కోర్లను బట్టి కాక వర్చువల్ మెషీన్ల సంఖ్యను బట్టి అమ్ముతారు, క్లస్టర్‌కు 25 దాకా. డీలర్లు దీని మాట తామంతట తాము ఎత్తడం అరుదు. పర్లాకిమిడి, గుణుపురం స్థాయి ఆసుపత్రులు, కళాశాలలు దీనికి తప్పకుండా కొటేషన్ అడగాలి. ఉచితంగా దొరికే కమ్యూనిటీ ఎడిషన్ నేర్చుకోవడానికే, వ్యాపారానికి కాదు.

మైక్రోసాఫ్ట్‌ది చౌక అంటున్నారు, నిజమేనా?

మైక్రోసాఫ్ట్ హెచ్‌సీఐ సాఫ్ట్‌వేర్ అయిన అజూర్ స్టాక్ హెచ్‌సీఐ పేరును 2024 నవంబర్‌లో అజూర్ లోకల్‌గా మార్చారు. భౌతిక కోర్‌కు నెలకు 10 డాలర్లు. 48 కోర్లకు ఏడాదికి 5,760 డాలర్లు. సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ అనే నవీకరణల ఒప్పందంతో విండోస్ సర్వర్ డేటాసెంటర్ లైసెన్సు ఉన్నవారికి ఈ రుసుము మాఫీ అవుతుంది. రుసుము కట్టేవారికి లోపల నడిచే విండోస్‌కు లైసెన్సు మాత్రం వేరే. 30 రోజుల్లో కనీసం ఒకసారి మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూర్‌తో కనెక్ట్ కావాలి. లేకపోతే ఉన్న మెషీన్లు నడుస్తాయి, కొత్తవి సృష్టించలేరు.

నెలవారీ రుసుము వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. విండోస్ సర్వర్ డేటాసెంటర్‌లోనే నోడ్ల డిస్కులను కలిపే స్టోరేజ్ స్పేసెస్ డైరెక్ట్ అనే సదుపాయం ఉంది. ఒకసారి కొంటే సరి.

విండోస్ సర్వర్ లైసెన్సు ఎన్ని కొనాలి?

చాలామంది డీలర్లు తప్పుగా లెక్కకట్టేది దీన్నే. స్టాండర్డ్ లైసెన్సు ఒక నోడ్‌లోని కోర్లన్నింటికీ తీసుకుంటే రెండు విండోస్ మెషీన్లు నడిపే హక్కు వస్తుంది. నాలుగు కావాలంటే అదే నోడ్‌కు మళ్లీ కొనాలి. డేటాసెంటర్‌కు పరిమితి లేదు. 2025 వెర్షన్‌లో 16 కోర్లకు స్టాండర్డ్ 1,176 డాలర్లు, డేటాసెంటర్ 6,771 డాలర్లు.

మీకు ఆరు విండోస్ మెషీన్లు ఉన్నాయనుకోండి. మూడు నోడ్లకు తలా రెండు చొప్పున మూడు లైసెన్సులు చాలనిపిస్తుంది. చాలవు. రెండు నోడ్లు ఆగిన రోజు ఆరూ ఒక్క నోడ్ మీదికే చేరవచ్చు. వాటిని అలా నడవనిచ్చేటట్లయితే ప్రతి నోడ్‌కూ ఆరింటికి సరిపడా, అంటే మూడేసి స్టాండర్డ్ లైసెన్సులు ఉండాలి. మొత్తం తొమ్మిది, 10,584 డాలర్లు. నోడ్‌కు పది మెషీన్ల దాకా స్టాండర్డ్ చౌక, పది దాటితే డేటాసెంటర్ చౌక. వీటికి తోడు సర్వర్‌ను వాడే ప్రతి మనిషికో కంప్యూటర్‌కో యాక్సెస్ లైసెన్సు కావాలి. నలభై మంది సిబ్బంది ఉన్నచోట అది చిన్న మొత్తమేమీ కాదు.

ఎస్‌క్యూఎల్ సర్వర్, ఒరాకిల్ డేటాబేస్‌లు వాడుతున్నాం. వాటికి తేడా వస్తుందా?

సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ లేదా సబ్‌స్క్రిప్షన్ ఉంటే ఎస్‌క్యూఎల్‌ను వర్చువల్ మెషీన్‌కు కేటాయించిన కోర్లకే కొనవచ్చు, కనీసం నాలుగు. ఒరాకిల్ విషయంలో చాలా జాగ్రత్త అవసరం. డేటాబేస్ ఒక చిన్న మెషీన్‌లో ఉన్నా, అది ఏ నోడ్ మీదికి వెళ్లగలదో ఆ నోడ్లలోని కోర్లన్నింటికీ లైసెన్సు ఉండాలన్నది ఒరాకిల్ వైఖరి. ఒరాకిల్ ఉంటే దాన్ని క్లస్టర్‌లోకి తేకండి, విడి సర్వర్ మీద ఉంచండి.

ప్రాక్స్‌మాక్స్ నిజంగా ఉచితమా?

ఉచితమే. వర్చువల్ మెషీన్లు నడిపేందుకు వియన్నాలోని సంస్థ తయారుచేస్తున్న బహిరంగ (ఓపెన్ సోర్స్) సాఫ్ట్‌వేర్ ఇది. సెఫ్ అనే స్టోరేజ్ అందులోనే ఉంది, మూడు నోడ్లతో హెచ్‌సీఐ నడుస్తుంది. వ్యాపారానికి వాడటంలో తప్పు లేదు. బాగా పరీక్షించిన నవీకరణలు కావాలంటే సబ్‌స్క్రిప్షన్ తీసుకోవాలి. అది కోర్లకు కాదు, ప్రాసెసర్‌కు లెక్క. మొదటి మెట్టు ఏడాదికి నూరు యూరోలకు కాస్త పైన. ఫిర్యాదులకు జవాబిచ్చే సపోర్టు కావాలంటే పై మెట్లకు వెళ్లాలి.

మిగిలేది మనిషి ఖర్చు. సెఫ్‌లో డిస్కు పాడైతే ఏం చేయాలో తెలిసినవారు మీ ఊళ్లోనో, కనీసం భువనేశ్వర్, విశాఖల్లోనో ఉండాలి. అలాంటి వ్యక్తితో ఏడాది ఒప్పందం రాసుకున్నాకే దీన్ని ఎంచుకోండి. ఆ ఒప్పందం కుదిరితే మన ప్రాంతంలోని సగానికి పైగా సంస్థలకు ఇదే సరైన ఎంపిక అని నా నమ్మకం. ఏటా సముద్రాల అవతలికి పోయే డబ్బు ఇక్కడి పిల్లవాడి జీతంగా మారుతుంది.

46 టీబీ డిస్కులు కొన్నాం. 15 టీబీ మాత్రమే వాడమంటున్నారు. మోసమా?

మోసం కాదు. మూడు నోడ్లు, నోడ్‌కు 3.84 టీబీవి నాలుగు డిస్కులు, మొత్తం 46.08. ప్రతి ఫైలూ రెండు నోడ్లలో ఉండాలి కాబట్టి 23. ఒక నోడ్ పోయినప్పుడు దాని డేటా మిగిలిన రెండింటిలో తిరిగి రెండు ప్రతులయ్యేందుకు చోటు కావాలి. అది పక్కన పెడితే 15.36. సెఫ్‌లో మూడు ప్రతులు పెడితే నేరుగా 15.36కే దిగి, అది నిండకుండా చూసుకుంటే 12 చేతికొస్తుంది. మీకు రాసివ్వమని అడగాల్సింది ఈ చివరి అంకె. కొటేషన్లను పోల్చేటప్పుడు మొత్తం ధరను ఈ అంకెతో భాగించండి.

రెండు నోడ్లతో సరిపెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. రెండూ ఒకదానికొకటి కనిపించనప్పుడు ఎవరి మాట చెల్లాలో తేల్చే మూడో సాక్షి కావాలి. అది వేరే చోట చిన్న మెషీన్ అయినా చాలు. లైసెన్సు మూడో వంతు తగ్గుతుంది. ప్రాక్స్‌మాక్స్‌లో సెఫ్‌కు మాత్రం మూడు నోడ్లు ఉండాల్సిందే.

విశాఖలో కొనాలా, భువనేశ్వర్‌లో కొనాలా? జీఎస్టీలో తేడా ఉందా?

రేటు ఒకటే, 18 శాతం. భువనేశ్వర్ నుంచి అయితే కేంద్రానికి 9, రాష్ట్రానికి 9. విశాఖ నుంచి అయితే 18 శాతం ఐజీఎస్టీ. పన్ను పడే సరుకు అమ్మే వ్యాపారికి రెండూ ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తాయి కాబట్టి రేటు, సర్వీసు చూసి ఎక్కడైనా కొనండి.

అందరికీ తిరిగి రాదు. వైద్య సేవలకు జీఎస్టీ లేదు కాబట్టి ఆసుపత్రి కట్టిన పన్ను ఖర్చే. 20 లక్షల కొటేషన్ అంటే వారికి 23.6 లక్షలు. అవుట్‌పేషెంట్లకు మందులమ్మడం వంటి పన్ను పడే ఆదాయం ఉంటే ఆ నిష్పత్తి మేరకే క్రెడిట్. కళాశాలలదీ అదే పరిస్థితి. రైస్ మిల్లుల్లో 25 కిలోలు, అంతకు తక్కువ ఉన్న లేబుల్ సంచుల మీద 5 శాతం పన్ను ఉంది, విడి బియ్యానికి లేదు. క్రెడిట్ ఎంత వస్తుందో అమ్మకాలను బట్టి మారుతుంది. బడ్జెట్ వేసే రోజే ఆడిటర్‌ను కూర్చోబెట్టుకోండి.

బరంపురంలో ప్రధాన కార్యాలయం, ఇచ్ఛాపురంలోనో శ్రీకాకుళంలోనో శాఖ ఉన్నవారికి రెండు రాష్ట్రాల్లో రెండు జీఎస్టీ నంబర్లు ఉంటాయి. రెండూ వాడే సబ్‌స్క్రిప్షన్‌ను ఒక్కచోటే బిల్లు చేయిస్తే, 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ క్రెడిట్‌ను ఇన్‌పుట్ సర్వీస్ డిస్ట్రిబ్యూటర్ పద్ధతిలో పంచాల్సిందే. విదేశీ సంస్థ నుంచి నేరుగా సబ్‌స్క్రిప్షన్ కొంటే రివర్స్ చార్జ్ కింద ఐజీఎస్టీ మీరే కట్టాలి.

ఆదాయపు పన్ను కింద కంప్యూటర్లకు, సాఫ్ట్‌వేర్‌కు తరుగుదల 40 శాతం. ఆ ఏడాదిలో 180 రోజుల కంటే తక్కువ వాడితే సగమే. ఆగస్టులో బిగించే పనిని డిసెంబర్‌కు తోయకండి.

నాలుగు గంటల సపోర్టు తీసుకోమంటున్నారు. కొనాలా?

ముందు మీ పిన్‌కోడ్‌కు ఆ సేవ ఉందో లేదో తయారీ సంస్థ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. మల్కన్‌గిరికి నాలుగు గంటల్లో విడిభాగం రావాలంటే అది దగ్గర్లోని గోదాములో ఉండాలి. లేని సేవకు డబ్బు కట్టే బదులు మరుసటి పనిదినపు సపోర్టు తీసుకుని, మిగిలిన డబ్బుతో రెండు డిస్కులు, ఒక పవర్ సప్లై బీరువాలో ఉంచుకోండి. రాయగడవారికి పార్వతీపురం మీదుగా విశాఖ నుంచి ఇంజినీరు రావడమే అనువు. చెడిన నోడ్‌ను రాష్ట్రం దాటించి పంపితే డెలివరీ చలాన్ రాయండి. విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు కూడా.

తుపాను వస్తే హెచ్‌సీఐ కాపాడుతుందా?

కాపాడదు. మూడు నోడ్లూ ఒకే గదిలో ఉంటే మూడూ ఒకేసారి తడుస్తాయి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న వచ్చిన తిత్లీ గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. రెండో ప్రతిని విశాఖలో పెడతామంటారు కొందరు. 2014లో హుద్‌హుద్ తాకింది అక్కడే. ఒకే తీరం మీద రెండు ప్రతులు పెట్టకండి. లోతట్టున రాయగడ, జయపురం శాఖ ఉంటే అక్కడ, లేదా హైదరాబాద్‌లో ఉంచండి. ఆ ప్రతి పంపే సదుపాయం కొన్ని సంస్థల్లో పై ఎడిషన్‌లోనే ఉంటుంది. లైసెన్సు ఎంచుకునే రోజే అడగాలి.

ఇన్వర్టర్‌తో సర్వర్లు నడపకండి. తీరానికి దగ్గరగా ఉన్నవారు సర్వర్ గది కిటికీ మూసేయండి. ఉప్పుగాలికి ఫ్యాన్ జాలీల మీద తెల్లటి పొర కట్టి, కొన్నాళ్లకు మెమరీ స్లాట్ల అంచులు పచ్చబడతాయి. ఆ నష్టానికి వారంటీ వర్తించదని చెప్పే అవకాశం ఎక్కువ.

మూడు నోడ్లలో డేటా ఉంటుందిగా, బ్యాకప్ ఎందుకు?

ఎవరైనా ఫైలు చెరిపేస్తే మూడు నోడ్లలోనూ చెరిగిపోతుంది. వైరస్ తాళం వేస్తే మూడింటికీ పడుతుంది. బ్యాకప్ వేరే పెట్టెలో, వేరే పాస్‌వర్డ్‌తో ఉండాలి. వీమ్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఉచిత ఎడిషన్ పది మెషీన్ల దాకా సరిపోతుంది. కంపెనీగా రిజిస్టరైన వారు లెక్కల పుస్తకాల బ్యాకప్‌ను భారత్‌లోని సర్వర్‌లో రోజూ ఉంచాలన్నది 2022 నుంచి నిబంధన.

మూడేళ్లకా, ఐదేళ్లకా?

నా సలహా ఐదేళ్లకు, లేదా మూడేళ్లకు తీసుకుని తర్వాతి రెండేళ్ల ధరను ఇప్పుడే ఒప్పందంలో రాయించుకుని. గడువు ముగిసిన సబ్‌స్క్రిప్షన్‌కు వాడే హక్కు కూడా ఉండదు. మీ డేటా అంతా ఆ సాఫ్ట్‌వేర్ లోపలే ఉంటుంది కాబట్టి రెన్యూవల్ రోజున బేరమాడే బలం మీకుండదు. డాలరు మారకం కూడా చూసుకోండి. ఏడాదికి 33,600 డాలర్లు కట్టేవారికి డాలరు ఒక్క రూపాయి పెరిగితే 33,600 రూపాయలు అదనం. వీలైతే రూపాయల్లో స్థిర ధర రాయించుకోండి.

సరుకే ఆగిపోవడమూ జరుగుతుంది. సిస్కో తన హెచ్‌సీఐ సరుకైన హైపర్‌ఫ్లెక్స్ అమ్మకం ఆపుతున్నట్లు 2023లో ప్రకటించి, న్యూటానిక్స్‌తో చేయి కలిపింది. లైసెన్సును మరో సంస్థ సర్వర్ మీదికి మార్చుకోవచ్చా, పెట్టెకే కట్టేశారా అని అడగండి.

తగ్గింపు ఎప్పుడు అడిగితే వస్తుంది?

అమ్మకపు లక్ష్యాలు ముగిసే నెలల్లో. మైక్రోసాఫ్ట్ ఆర్థిక సంవత్సరం జూన్ 30న, న్యూటానిక్స్‌ది జులై 31న ముగుస్తాయి. బ్రాడ్‌కామ్‌ది అక్టోబర్ చివరిలోనో నవంబర్ మొదట్లోనో. ఆ తేదీకి నెలన్నర ముందు ఇద్దరు డీలర్లకు, ఒకరు ఒడిశావారు, ఒకరు ఆంధ్రవారు, ఒకే కోర్ల సంఖ్య, ఒకే వాడుక సామర్థ్యం రాసి పంపండి. మొదటి డీలరు మీ పేరును తయారీ సంస్థ దగ్గర నమోదు చేయించుకుంటే ప్రత్యేక తగ్గింపు అతనికే దక్కుతుంది, రెండో డీలరుకు మంచి రేటు రాదు. కాబట్టి ఇద్దరికీ ఒకే రోజు పంపండి. జీఎస్టీ నంబరు, బిగించే చోటు చిరునామా, కావలసిన తేదీ అందులోనే రాయండి. పాత సర్వర్లను తిరిగి తీసుకుంటారా అని కూడా అడగండి. తీసుకుంటామంటే డిస్కులు మాత్రం వాళ్లకు ఇవ్వకండి.